తాళంచెవి లేని పురపాలిక

చిత్తూరు మేయరు గదిలో తూటా పేలి 2025 నవంబరు 17కు పదేళ్లు నిండాయి. కాల్చిందెవరో కోర్టు తేల్చింది. కాల్పులు జరిగిన ఊరి పాలకమండలికి చట్టం ముందు ఉన్న బాధ్యత ఎంత, చేతిలో ఉన్న అధికారం ఎంత? ఆ లెక్క మాత్రం ఇప్పటికీ తేలలేదు.

2015 నవంబరు 17, మంగళవారం. చిత్తూరు నగరపాలక సంస్థ కార్యాలయం. మధ్యాహ్నం కావస్తోంది. ఇంటి పన్ను ఎక్కువ వేశారని, కొళాయి కనెక్షన్ ఇవ్వలేదని, పుట్టిన తేదీ సర్టిఫికెట్‌లో పేరు తప్పు పడిందని జనం వచ్చే వేళ అది. మేయరు కటారి అనురాధ తన చాంబరులో ఉన్నారు. ఆమె భర్త, తెలుగుదేశం నాయకుడు కటారి మోహన్ కూడా ఆఫీసులోనే ఉన్నారు. బుర్ఖాలు వేసుకున్న మనుషులు లోపలికి వచ్చారు. అర్జీ పట్టుకుని మేయరమ్మను కలవడానికి ఆడవాళ్లు రావడం అక్కడ రోజూ ఉండేదే కదా, ఎవరికి అనుమానం వస్తుంది?

తుపాకీ పేలింది. దగ్గర నుంచి తలకు గురిపెట్టి కాల్చడంతో అనురాధ అక్కడికక్కడే చనిపోయారు. మోహన్‌ను కత్తులతో నరికారు. వేలూరు సీఎంసీ ఆసుపత్రికి తీసుకెళ్లినా ఆయన బతకలేదు. జనం ఓట్లేసి గెలిపించిన ఒక నగర ప్రథమ పౌరురాలు, పట్టపగలు, తన ఆఫీసులో, తన గదిలో హత్యకు గురయ్యారు.

పదేళ్లు విచారణ నడిచింది. మొదట 23 మంది మీద కేసు పెట్టారు. 2025 అక్టోబరు 24న చిత్తూరు కోర్టు ఐదుగురిని దోషులుగా తేల్చింది. 31న ఆ ఐదుగురికీ ఉరిశిక్ష వేసింది. మొదటి ముద్దాయి మోహన్ సొంత మేనల్లుడు శ్రీరామ్ చంద్రశేఖర్, ఊరందరికీ తెలిసిన పేరు చింటూ. ఆ శిక్షను హైకోర్టు ధ్రువీకరిస్తేనే అమలవుతుంది. తీర్పు తర్వాత రెండు వారాలూ మదనపల్లె బస్టాండులో, పుంగనూరు హోటళ్లలో, కుప్పం రైల్వే స్టేషన్ బయట మాట్లాడుకున్నది దీని గురించే.

నిమ్మనపల్లెకు చేరిన కబురు

మా నిమ్మనపల్లెకు 2022 ఏప్రిల్ దాకా చిత్తూరే జిల్లా కేంద్రం. మదనపల్లె, పుంగనూరు, పలమనేరు దాటుకుని కలెక్టరాఫీసుకు పోయేవాళ్లం. జిల్లాలు విడిపోయి మేము అన్నమయ్య జిల్లాలోకి వచ్చేశాం, పుంగనూరు, కుప్పం అప్పటికి చిత్తూరులోనే ఉండిపోయాయి. మనసులో మాత్రం చిత్తూరు ఇంకా మా టౌనే. హత్య జరిగిన రోజు కబురు తెలిసేసరికి నేను మదనపల్లెలో ఉన్నాను. టీ తాగుతున్న ఒక పెద్దాయన గ్లాసు కింద పెట్టేసి, "ఆఫీసులోకొచ్చి కాలిస్తే ఇంగ యాడ భద్రతప్పా?" అన్నాడు. ఎవరూ జవాబు చెప్పలేదు.

ఆ ప్రశ్ననే పట్టుకుని ఈ కథనం రాస్తున్నాను. ఎందుకు చంపారు, ఎవరి కక్ష ఎవరిమీద అన్నది పదేళ్లుగా పత్రికలు రాశాయి, కోర్టు విన్నది. కక్షల కథ చెబితే జనం చెవులు రిక్కించి వింటారు. కార్యాలయం కథ ఎవరికీ పట్టదు. తూటా పేలినచోట నగరపాలక సంస్థ అనే ఒక ప్రభుత్వం ఉంది. దానికి ఓ కౌన్సిల్ ఉంది, బడ్జెట్ ఉంది, చట్టం ఉంది. అది తనను తాను కాపాడుకోలేకపోయింది. ఎందుకు కాపాడుకోలేకపోయింది?

మేయరు చేతిలో ఏముంది?

చిత్తూరు మునిసిపాలిటీ 2012లో నగరపాలక సంస్థ అయింది. డివిజన్లు 50. 2014 ఎన్నికల తర్వాత తొలి మేయరుగా కూర్చున్నది అనురాధే. నగర ప్రథమ పౌరురాలు అంటాం, కారు మీద ఎర్రబుగ్గ కూడా చూసి ఉంటాం. చట్టం తెరిచి చూస్తే ఆ కుర్చీ తేలిపోతుంది. నగరపాలక సంస్థలో ఫైలు మీద సంతకం పెట్టి పని జరిపించే అధికారం కమిషనర్‌ది. ఆయన్ను పంపేది రాష్ట్ర ప్రభుత్వం. మేయరు సమావేశానికి అధ్యక్షత వహిస్తారు, తీర్మానం చేయిస్తారు.

పోలీసు? అది జిల్లా ఎస్పీ కింద, ఆపైన రాష్ట్ర హోం శాఖ కింద పనిచేస్తుంది. 1992లో తెచ్చిన 74వ రాజ్యాంగ సవరణ పురపాలికలకు 18 పనులు అప్పగించవచ్చని పన్నెండో షెడ్యూలులో రాసింది. పట్టణ ప్రణాళిక, భవనాల అనుమతులు, తాగునీరు, పారిశుద్ధ్యం, వీధి దీపాలు, అగ్నిమాపకం, శ్మశానాలు అన్నీ ఉన్నాయి. శాంతిభద్రతలు లేవు. శ్మశానం నిర్వహణ మునిసిపాలిటీది, శ్మశానానికి మనిషి పోకుండా చూసే పని మాత్రం దానిది కాదు. రాయడానికి బాధగా ఉన్నా చట్టంలో ఉన్నది ఇదే.

తుపాకీ సంగతికొస్తే అది రాష్ట్రం చేతిలో కూడా పూర్తిగా లేదు. ఆయుధాలు కేంద్ర జాబితాలోని అంశం. 1959 నాటి ఆయుధాల చట్టం దేశమంతటికీ ఒకటే. మన జిల్లాల్లో లైసెన్సు ఇచ్చేది కలెక్టరు, అంతకు ముందు విచారించి నివేదిక ఇచ్చేది పోలీసు. తన ఊళ్లో ఎవరి ఇంట్లో లైసెన్సు తుపాకీ ఉందో మేయరుకు చెప్పాలన్న నియమమే లేదు. చిత్తూరు కౌన్సిల్ 50 మందీ ఒక్కమాట మీద నిలబడి "మా నగరంలో తుపాకీ వద్దు" అని తీర్మానం చేసినా దానికి కాగితం విలువే.

[బాక్స్] ఎవరి చేతిలో ఏముంది

ఆయుధాల చట్టం చేసేది: పార్లమెంటు.
లైసెన్సు ఇచ్చేది, రద్దు చేసేది: జిల్లాల్లో కలెక్టరు, పోలీసు కమిషనరేట్లు ఉన్నచోట పోలీసు కమిషనర్.
పోలీసు, శాంతిభద్రతలు: రాష్ట్ర ప్రభుత్వం.
ఒకరి పేరున ఉండదగిన తుపాకులు: 2019 సవరణకు ముందు మూడు, ఇప్పుడు రెండు.
ఎన్నికలప్పుడు: లైసెన్సు తుపాకులను స్టేషన్‌లో అప్పగించమని అడుగుతారు.
పురపాలక సంస్థ చేతిలో ఉన్నది: తన భవనం, తన గేటు, తన కెమెరా, తన సిబ్బంది.

చేనికాడి తుపాకీ

మా వైపు తుపాకీ అంటే సినిమాలో చూసే పిస్తోలు గుర్తుకు రాదు. నాటు తుపాకీ గుర్తుకొస్తుంది. నిమ్మనపల్లె దగ్గర బాహుదా ప్రాజెక్టు చుట్టుపక్కల కొండలు, ఇటు కుప్పం, పలమనేరు వైపు అడవి. రాత్రిపూట అడవిపందులు చెనిక్కాయ చేనులో పడితే తెల్లారేసరికి ఎకరా పొలం దున్నినట్టు అయిపోతుంది. పొడుగాటి ఇనుప గొట్టం, చెక్క మడమ. గొట్టం మూతి నుంచి నల్లమందు పోసి, పీచు కూరి, కడ్డీతో దిమ్మిస్తారు. దానిమీద సీసపు గుళ్లు. ఒకసారి పేలితే మళ్లీ కూరేదాకా అది ఉత్త గొట్టమే.

ఈ రైతును చట్టం పూర్తిగా మరిచిపోలేదు. నిజంగా పంట కాపాడుకోవడానికే అయితే మూతి నుంచి మందు కూరే తుపాకీకి లైసెన్సు ఇవ్వాలని ఆయుధాల చట్టం 13వ సెక్షన్‌లోనే ఉంది. అయితే ఆ లైసెన్సు కోసం తిరిగే ఓపిక ఎందరికి ఉంటుంది? నాకు తెలిసిన ఒక పెద్దాయన దగ్గర వాళ్ల నాయన కాలం నాటి తుపాకీ ఉండేది. "కాగితం తీసుకో తాతా" అంటే "పందికి కాగితం చూపించాల్నా నాయనా?" అనేవాడు. నవ్వులాటగా అన్నా అది ప్రమాదమే. లైసెన్సు లేకుండా తుపాకీ ఉంచుకుంటే ఇప్పుడు రెండేళ్లకు తక్కువ కాకుండా జైలు. పంది కోసమని కూరిన మందు పొద్దున అన్నదమ్ముల గట్టు తగాదాలో పేలితే ఆ ఇల్లు ఇక నిలవదు.

ఈ తుపాకుల గురించి ముందుగా తెలిసేది ఊళ్లోవాళ్లకే. సర్పంచుకు తెలుసు, వార్డు సభ్యుడికి తెలుసు. వాళ్లను అడిగేవాళ్లు, వాళ్లు చెబితే రాసుకునేవాళ్లు లేరు.

సముద్రం అవతల మన పిల్లలు

మదనపల్లె నుంచి అమెరికా వెళ్లిన పిల్లలు లేని వీధి ఇప్పుడు తక్కువ. అందుకే అక్కడ కాల్పులు జరిగాయని టీవీలో స్క్రోలింగ్ వస్తే ఇక్కడ అమ్మలు ముందు ఫోను తీస్తారు. 2018 సెప్టెంబరు 6న సిన్సినాటి నగరం నడిబొడ్డున ఒక బ్యాంకు భవనంలోకి తుపాకీతో వచ్చినవాడు ముగ్గురిని చంపాడు. వారిలో ఒకరు గుంటూరు జిల్లా యువకుడు. 2023 మే 6న టెక్సాస్‌లోని ఆలెన్ పట్టణంలో షాపింగ్‌కు వెళ్లిన ఎనిమిది మంది కాల్పుల్లో చనిపోయారు. వారిలో హైదరాబాద్ నుంచి వెళ్లిన యువ ఇంజనీరు ఒకరు.

మన మేయరు చేతిలో పోలీసు లేడు. అమెరికాలో చాలా నగరాలకు సొంత పోలీసు ఉంటుంది. ఆలెన్‌లో దుండగుడిని కాల్చి ఆపింది ఆ పట్టణ పోలీసే, వేరే పని మీద అక్కడికి వచ్చి ఉన్న ఒక అధికారి. అంత చేయగలిగిన పట్టణం "మా ఊళ్లో ఈ రకం తుపాకీ అమ్మొద్దు" అని మాత్రం నియమం పెట్టలేదు. టెక్సాస్ రాష్ట్ర చట్టం ఆ అధికారాన్ని పట్టణాలకు లేకుండా చేసింది. టెక్సాస్ ఒక్కటే కాదు, 40కి పైగా రాష్ట్రాల్లో ఇలాంటి చట్టాలున్నాయి. శవాలు లేచేది నగరంలో, నియమం రాసేది రాజధానిలో. అక్కడి నగరాలు కాల్పుల తర్వాత కోర్టుల చుట్టూ తిరిగేది ఎక్కువగా ఈ తగువుతోనే.

పిట్స్‌బర్గ్ చూడండి. 2018 అక్టోబరు 27న యూదుల ప్రార్థన మందిరంలో 11 మందిని కాల్చి చంపారు. ఆరు నెలలు తిరక్కుండానే నగర కౌన్సిల్ తుపాకులపై నియంత్రణలు తెచ్చింది, మేయరు బిల్ పెడుటో సంతకం చేశారు. 2019లోనే కోర్టు వాటిని కొట్టేసింది. రాష్ట్ర చట్టం ఉండగా నగరానికి ఆ హక్కు లేదన్నది. అప్పీలులోనూ నగరం ఓడిపోయింది.

ఫ్లోరిడాలో ఇంకా కఠినం. అక్కడ తుపాకుల మీద స్థానిక నియమం చేస్తే మేయరుకు, కౌన్సిల్ సభ్యులకు సొంత జేబు నుంచి 5,000 డాలర్ల దాకా జరిమానా. పదవి కూడా పోవచ్చు. 2018 ఫిబ్రవరిలో పార్క్‌లాండ్ పాఠశాలలో 17 మంది చనిపోయాక చాలా నగరాలు కలిసి ఈ చట్టం మీద దావా వేశాయి. 2023 జనవరిలో ఫ్లోరిడా సుప్రీంకోర్టు ఆ చట్టం చెల్లుతుందని చెప్పింది. పిల్లల శవాలు చూసిన మేయరు చట్టం చేయబోతే జరిమానా కట్టాలా? దీన్ని న్యాయమని నేను అనుకోలేను.

తుపాకీ తయారుచేసే కంపెనీల నుంచి నష్టపరిహారం రాబట్టాలని చూసిన నగరాలూ ఉన్నాయి. మన యువకుడు చనిపోయిన సిన్సినాటే 1999లో కంపెనీల మీద దావా వేసింది. ఆ దావా నడవొచ్చని 2002లో ఒహాయో సుప్రీంకోర్టు నలుగురు ముగ్గురు తేడాతో తీర్పిచ్చింది. ఖర్చుకు తట్టుకోలేని పరిస్థితిలో మరుసటి ఏడాది నగరమే దాన్ని వదులుకుంది. 2005లో అమెరికా కాంగ్రెస్ తుపాకీ కంపెనీలకు రక్షణగా ఏకంగా చట్టమే చేసేసింది.

[బాక్స్] బౌల్డర్: పది రోజుల తేడా

కొలరాడో రాష్ట్రంలోని బౌల్డర్ నగరం 2018లో యుద్ధ తరహా తుపాకులను నిషేధించింది. రాష్ట్ర చట్టానికి విరుద్ధమంటూ 2021 మార్చి 12న జిల్లా కోర్టు ఆ నిషేధాన్ని ఆపేసింది. మార్చి 22న అదే నగరంలోని ఒక సూపర్ మార్కెట్‌లో పది మందిని కాల్చి చంపారు. వారిలో ముందుగా లోపలికి పరుగెత్తిన పోలీసు ఒకరు. ఆ తుపాకీ కొన్నది పక్క ఊళ్లో. కాబట్టి నగర నిషేధం ఉంటే ఆగేదని చెప్పలేం. అయినా ఆ పది రోజుల తేడా రాష్ట్రాన్ని కదిలించింది. ఆ ఏడాది జూన్‌లోనే కొలరాడో తన చట్టం మార్చి, రాష్ట్రం కంటే కఠినమైన నియమాలు పెట్టుకునే అధికారం నగరాలకు తిరిగి ఇచ్చింది.

ఊరు దివాలా తీయొద్దన్న తల్లిదండ్రులు

ఉవాల్డే. టెక్సాస్‌లో మన కుప్పం కంటే చిన్న ఊరు, జనాభా 15 వేల చిల్లర. 2022 మే 24న రాబ్ ప్రాథమిక పాఠశాలలోకి చొరబడినవాడు 19 మంది పిల్లలను, ఇద్దరు టీచర్లను చంపాడు. అన్ని శాఖలవాళ్లూ కలిసి 376 మంది పోలీసులు వచ్చారు. తరగతి గది తలుపు దాటి లోపలికి వెళ్లడానికి వాళ్లకు 77 నిమిషాలు పట్టింది. బయట తల్లిదండ్రులు లోపలికి పోనివ్వమని ఏడుస్తున్నారు.

ఇలాంటప్పుడు నగరం మీద కోట్లకు దావా వేస్తారు కదా? ఆ కుటుంబాలు రెండేళ్లు ఆగి నగరంతో రాజీ చేసుకున్నాయి. తీసుకున్నది మొత్తం 20 లక్షల డాలర్లు, అప్పటి లెక్కన 16 కోట్ల రూపాయలకు కొంచెం పైన. అదీ నగరానికి ఉన్న బీమా నుంచి. ఇంకా రాబట్టే దారి ఉన్నా, ఊరు దివాలా తీస్తే మిగిలిన పిల్లలకు నీళ్లు, రోడ్లు ఎవరిస్తారని ఆలోచించారు. డబ్బుకు బదులు షరతులు పెట్టారు. పోలీసు శిక్షణ మారాలి, మే 24ను ఏటా స్మారక దినంగా పాటించాలి, ఊరి మధ్యలో శాశ్వత స్మారకం కట్టాలి. నగరం ఒప్పుకుంది.

ఆ ఒప్పందం గురించి చదివిన రోజు నేను చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. కడుపుకోతలో ఉన్నవాళ్లకు ఊరి బడ్జెట్ గుర్తుండటం మామూలు విషయం కాదు.

మన కోర్టులు ఏం చెప్పాయి?

మన దగ్గర పురపాలిక మీద ఇలాంటి దావా నిలుస్తుందా? రెండు పాత తీర్పులు చూస్తే దారి ఎక్కడ మూసుకుపోయిందో తెలుస్తుంది.

ఢిల్లీ చాందినీ చౌక్‌లో పాత గడియారం గోపురం ఒకరోజు కూలి కింద ఉన్నవాళ్లు చనిపోయారు. గోపురం నగరపాలక సంస్థది. పాతబడిన కట్టడాన్ని పరీక్షించి సరిగా ఉంచుకునే బాధ్యత యజమానిదే, పరిహారం కట్టాల్సిందే అని 1966లో సుప్రీంకోర్టు తేల్చింది.

అదే ఢిల్లీలో 1997 జూన్ 13న ఉపహార్ సినిమా హాలు తగలబడి 59 మంది చనిపోయారు. ఆ హాలును తనిఖీ చేయాల్సిన సంస్థల్లో నగరపాలక సంస్థ ఉంది, లైసెన్సు ఇచ్చిన పోలీసు విభాగం ఉంది. 2011లో సుప్రీంకోర్టు ఆ రెండింటికీ పరిహారం భారం తప్పించింది. హాలు యజమానులు, విద్యుత్ సంస్థ కట్టాలన్నది. దురుద్దేశం లేకుండా విధి సరిగా చేయలేదన్నంత మాత్రాన డబ్బు కట్టించలేమన్నది ఆ తీర్పు సారం.

రెండూ కలిపి చూస్తే మామూలు మనిషికి అర్థమయ్యేది ఇది. మునిసిపాలిటీ గోడ మీ మీద పడితే మునిసిపాలిటీ బాధ్యత. మునిసిపాలిటీ పట్టించుకోనందువల్ల ఇంకెవరో మిమ్మల్ని చంపితే బాధ్యత నిరూపించడం చాలా కష్టం. తూటా రెండో రకం కిందికి వస్తుంది. అందుకే కాల్పుల తర్వాత మన దేశంలో విచారణ అంతా కాల్చినవాడి చుట్టూనే తిరుగుతుంది. ఆఫీసు గేటు దగ్గర ఎవరున్నారు, కెమెరా పనిచేసిందా, ప్రమాద గంట ఉందా, రెండో దారి ఉందా అన్నవి క్రిమినల్ కేసులో సాక్ష్యానికి పనికొస్తే వస్తాయి, లేకపోతే లేదు. వాటికి జవాబు చెప్పాల్సిన మనిషి ఎవరూ ఉండరు.

తాడు కట్టిన గది

2019 నవంబరు 4న హైదరాబాద్ శివార్లలోని అబ్దుల్లాపూర్‌మెట్‌లో తహసీల్దారు విజయారెడ్డిని ఆమె గదిలోనే పెట్రోలు పోసి కాల్చి చంపారు. అది తుపాకీ కాదు, అయినా గది తలుపు దాటిన తీరు చిత్తూరులో జరిగినట్టే. తర్వాత కొద్దిరోజులకే కర్నూలు జిల్లా పత్తికొండలో ఒక తహసీల్దారు తన బల్ల ముందు అడ్డంగా తాడు కట్టించారు. అర్జీలు తాడు అవతల నుంచే ఇవ్వాలి. ఆ ఫొటో అన్ని పత్రికల్లో వచ్చింది. చూసి కొందరు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఒక అధికారికి ప్రభుత్వం ఇచ్చిన రక్షణ ఏమిటో ఆ తాడే చెబుతోంది.

మా మదనపల్లెనే తీసుకోండి. 2024 జూలై 21 రాత్రి సబ్ కలెక్టర్ కార్యాలయంలో మంటలు లేచి రెవెన్యూ ఫైళ్లు కాలిపోయాయి. కాలినవి కాగితాలే అనుకోవద్దు, భూమి కాగితం పోయిన రైతుకు అది ప్రాణం పోవడంతో సమానం. రాత్రి కాపలా లేని ఆఫీసు ఎంత అరక్షితమో, పగలు తనిఖీ లేని ఆఫీసూ అంతే.

అలాగని ఆఫీసులను కోటల్లా మార్చేయమనడం లేదు. నిమ్మనపల్లె నుంచి రెండు బస్సులు మారి వచ్చిన ముసలమ్మను గేటు దగ్గర ఆధార్ అడిగి, పేరు రాయించి, సంచి విప్పించి, చివరికి "సారు లేరు, సోమవారం రా" అని పంపేస్తే అదీ ఒక రకం హింసే. ఆవిడకు లోపలికి వచ్చే హక్కు ఉంది. ఆవిడ వెనకాల ఎవరు వస్తున్నారో చూసే మనిషి ఉండాలి, అంతే కావాల్సింది.

దారి చూపే చట్టం మన దగ్గరే ఉంది. 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్ జంట పేలుళ్లలో జనం చనిపోయాక, అదే ఏడాది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ ప్రజా భద్రత చట్టం చేసింది. ఒకేసారి 100 మంది, లేదా రోజుకు 500 మంది వచ్చే చోట్ల సీసీ కెమెరాలు పెట్టాలి, 30 రోజుల దృశ్యాలు దాచాలి అన్నది. కల్యాణ మండపం, ఆసుపత్రి, బడి, గుడి, బస్టాండు అన్నీ దీని కిందికి వస్తాయి. మదనపల్లె టమోటా మార్కెట్‌కు సీజనులో ఒక పూట వచ్చే జనమే ఈ లెక్కకు ఎన్నో రెట్లు. చట్టం పుట్టి పన్నెండేళ్లు దాటింది. మీ ఊళ్లో ఎన్ని చోట్ల కెమెరా తిరుగుతోందో, ఎన్ని చోట్ల ఉత్త డబ్బా వేలాడుతోందో ఓసారి తల పైకెత్తి చూడండి.

[బాక్స్] బాధిత కుటుంబం తెలుసుకోవాల్సింది

నేరంలో ప్రాణం పోయినా, గాయపడినా రాష్ట్ర ప్రభుత్వ బాధితుల పరిహార పథకం కింద దరఖాస్తు చేసుకోవచ్చు. పాత నేర విచారణ స్మృతిలో ఇది 357ఏ సెక్షన్, ఇప్పటి నాగరిక్ సురక్షా సంహితలో 396.
దరఖాస్తు జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు ఇవ్వాలి. విచారణ రెండు నెలల్లో పూర్తి చేయాలి.
నేరం చేసినవాడు దొరకకపోయినా బాధితుడు ఎవరో తెలిస్తే చాలు, దరఖాస్తు చెల్లుతుంది.
ఇది కోర్టు దోషికి వేసే జరిమానా కాదు. అది వేరు, ఇది వేరు.

పదేళ్లలో ఏం జరిగింది?

అనురాధ స్థానంలో 2017లో ఆమె కోడలు కటారి హేమలత మేయరు అయ్యారు. అత్తగారు చనిపోయిన ఆఫీసుకే రోజూ వచ్చి కూర్చున్నారు. ఆ కుటుంబం ఓ పక్క కోర్టు వాయిదాలు, ఇంకో పక్క కౌన్సిల్ అజెండాలు చూసుకుంటూ బతికింది. సాక్షులు పదేళ్లు ఆ మధ్యాహ్నాన్ని గుర్తు పెట్టుకోవాల్సి వచ్చింది. నిర్దోషులుగా బయటపడిన వాళ్ల జీవితంలో నుంచీ ఆ పదేళ్లు పోయాయి. ఇప్పుడు హైకోర్టు, ఆపైన సుప్రీంకోర్టు. ఉరి ఎప్పుడు వేయాలో 1980లో బచన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు గీసిన గీత ఉంది, అరుదైన వాటిలోకెల్లా అరుదైన కేసు అయితేనే. ఈ కేసు ఆ గీత దాటిందా లేదా అన్నది ఇక పైకోర్టులు చూస్తాయి.

నగరపాలక సంస్థ వైపు నుంచి చూస్తే చేయాల్సింది చాలా ఉంది. ఏ కౌన్సిల్ అయినా చట్టం మార్పు కోసం ఎదురుచూడకుండా రేపే చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. మేయరు, చైర్మన్, కమిషనర్ గదులకు రెండో దారి. గేటు దగ్గర సందర్శకులను చూసే శిక్షణ ఉన్న ఒక మహిళ, ఒక పురుషుడు. పనిచేసే కెమెరా, దాన్ని చూసే మనిషి. ఏటా ఒకసారి సిబ్బందితో అభ్యాసం. ప్రజాప్రతినిధికి బెదిరింపు వస్తే అది కౌన్సిల్ రికార్డులోకెక్కి, ఎస్పీకి రాతపూర్వకంగా వెళ్లే పద్ధతి. ఇంకొంచెం పెద్ద పని రాష్ట్రానిది. లైసెన్సు ఇచ్చేముందు పట్టణంలో మునిసిపాలిటీ అభిప్రాయం, పల్లెలో పంచాయతీ అభిప్రాయం రాతపూర్వకంగా అడగాలి. తుపాకీ అడిగే ఇంట్లో తగాదా ఉందో లేదో కలెక్టరాఫీసులో, అమరావతిలో కూర్చున్నవాళ్ల కంటే వార్డు సభ్యుడికి బాగా తెలుసు. పంట కోసం తుపాకీ కావాల్సిన రైతుకు మండలం దాటి తిరగనక్కర్లేకుండా లైసెన్సు ఇస్తే, దొంగచాటు నాటు తుపాకీ చాలావరకు వెలుగులోకి వస్తుంది. అడవిపందుల నష్టానికి పరిహారం వేళకు అందితే అసలు మందు కూరే అవసరమే తగ్గుతుంది.

చిత్తూరు, మదనపల్లె, పుంగనూరు పాలకమండళ్లు 2021 మార్చిలో ఎన్నికయ్యాయి. వాటి గడువు 2026 మార్చి దాకా. కుప్పం మునిసిపాలిటీ తొలి కౌన్సిల్‌ది 2021 నవంబరు ఎన్నిక. ఎన్నికలు వచ్చినప్పుడు కండువాలు వేసుకుని అభ్యర్థులు మీ వీధికి వస్తారు. రోడ్డు, కాలువ, దీపం అడగండి, అడగాల్సిందే. వాటితోపాటు ఇదొకటి అడగండి: "మీరు గెలిచాక మేము అర్జీ పట్టుకుని వచ్చే ఆ ఆఫీసులో గేటు దగ్గర ఎవరుంటారు? కెమెరా పనిచేస్తుందా? 2015 తర్వాత ఏం మార్చారు?" జవాబు తెలియదంటే కనుక్కుని రమ్మని పంపండి. మీ ఇంట్లో ఎవరైనా నేరానికి బలై ఉంటే, ఏ ఊరివారైనా, ఉచిత న్యాయసహాయం కోసం 15100కు ఫోన్ చేయండి.